నా పేరు చెక్కిన కంచం: 112 రోజుల ప్రాజెక్టు డైరీ

2024 జూన్ 18, మంగళవారం

ఈ ఉదయం బస్తీ దవాఖానాలో వేలికొన పొడిచి చూసిన రక్తంలో హిమోగ్లోబిన్ 9.3 గ్రాములని తేలింది. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరు రక్తంలో కనీసం 12 గ్రాములు ఉండాలని, 8 నుంచి 10.9 మధ్య ఉంటే దాన్ని మధ్యస్థ రక్తహీనత అంటారని డాక్టరమ్మ చెప్పారు. నిన్న బక్రీదు సెలవు కావడంతో ఆరేసిన బట్టలు తేవడానికి బాబును చంకన వేసుకుని మేడ ఎక్కుతుంటే, ఏడో మెట్టు మీద కళ్లు చీకట్లు కమ్మి, గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. బాబు పడలేదు. పడి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన రాత్రంతా నిద్ర పోనివ్వలేదు కాబట్టే, 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద మంగళవారాలు ఆడవాళ్లకు పరీక్షలు చేస్తారని ఆశా అక్క ఎప్పుడో చెప్పిన మాట గుర్తుచేసుకుని, ఒక పూట సెలవు పెట్టి వెళ్లాను.

దాచకుండా రాయవలసిన సంగతి ఒకటుంది. బాబు పుట్టి 14 నెలలైంది. కాన్పు తరువాత 180 రోజులు వాడమని ఇచ్చిన ఐరన్ మాత్రల్లో నేను మింగినవి 22 మాత్రమే. మలబద్ధకం పట్టుకుంది, మలం నల్లగా వచ్చింది, భయపడి ఆపేశాను. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం నల్లబడడం మామూలేనని ఈరోజు అడిగితే తెలిసింది. అప్పుడే అడిగి ఉండవలసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతమందిలో నేనూ ఒకదాన్ననుకుంటే సిగ్గు తగ్గింది కానీ కళ్లు తిరగడం తగ్గలేదు.

మా ఇల్లు మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ వైపు. ఆయనకు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం, నాకు ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే పని. పాపకు నాలుగేళ్లు, ఈ నెలలోనే ఎల్‌కేజీలో చేరింది. అత్తమ్మ మాతోనే ఉంటుంది. లెక్కలు రాసే మనిషిని కాబట్టి ఈ రక్తహీనత తగ్గించుకోవడానికీ నాకు తెలిసిన పద్ధతిలోనే పోదామని ఒక లాంగ్ బుక్కు తీసి 16 వారాలకు గీతలు గీశాను. మొదటి వారం ఏమీ మార్చకూడదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి.

జూన్ 25

వారం రోజుల లెక్క తేలింది. దినానికి సగటున ఐదు టీలు, నాలుగు గ్లాసుల నీళ్లు. పొద్దున ఐదింటికి లేచిన మనిషి నోట్లో మొదటి ముద్ద పడేది పదకొండింటికి దగ్గరలో, అదీ దుకాణంలో డబ్బా విప్పినప్పుడు. ఇంట్లో రాత్రి భోజనం ఏడు రోజుల్లో ఆరు రోజులు నేనే చివర తిన్నాను. ఆ ఆరు రోజుల్లో కూర అడుగు మాత్రమే మిగిలింది నాలుగు సార్లు. గుడ్లు వండిన రెండు రోజులూ నా వంతుకు గుడ్డు లేదు. ఎవరూ నాకు వద్దనలేదు. మిగలలేదు, అంతే. నిద్ర ఐదు గంటలకు కాస్త ఎక్కువ, అదీ మూడు ముక్కలుగా.

ఈ పేజీని చూస్తే ఎవరి మీదా కోపం రాలేదు గానీ, దుకాణంలో ఇలాంటి లెక్క చూస్తే సరుకు ఎక్కడ కారిపోతున్నదో ఒక్క చూపులో పట్టుకునే దాన్ని, నా ఒంటి లెక్క ఇన్నేళ్లు చూడనేలేదని అనిపించింది.

జూలై 3

ఓటమి రాస్తున్నాను. నాలుగున్నరకు లేచి యోగా చేయాలన్న ఆలోచన ఆరు రోజులు కూడా నిలవలేదు. మొదటి రెండు రోజులు బాగానే చేశాను. మూడో రోజు చాప పరిచిన చప్పుడుకు బాబు లేచాడు, నాలుగో రోజు సూర్య నమస్కారం మధ్యలో వచ్చి పాలకోసం మీదికెక్కాడు, ఐదో రోజు అలారం ఆపి మళ్లీ పడుకున్నాను. పిల్లలున్న తల్లులకు ఇచ్చే సలహాల్లో అందరికన్నా గంట ముందు లేవమన్నది ఎందుకు అంత ముందుంటుందో నాకు అర్థం కాలేదు. ఐదు గంటల నిద్ర నుంచి ఇంకో గంట కోసి ఆరోగ్యానికి పెట్టడమంటే, ఎడమ జేబు చింపి కుడి జేబుకు అతుకు వేసినట్టే. కొత్త గంట పుట్టదు, ఉన్న పనుల్లో ఏదో ఒకటి తగ్గాలి, లేదా ఇంకొకరి చేతికి పోవాలి, లేదా వరుస మారాలి. యోగా వరుసను బుక్కులో ఎర్ర సిరాతో కొట్టేశాను.

జూలై 9

మళ్లీ మొదలుపెట్టిన ఐరన్ మాత్రకూ టీకీ మధ్య తగవు తీర్చాను. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టుకుని ఒంటికి ఎక్కకుండా చేస్తాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ కాఫీలు వద్దని ఉంది. నా పాత లెక్కలో ఐదు టీలలో మూడు సరిగ్గా తిండి వెనకే ఉన్నాయి. టీ మానేయడం నా వల్ల కాదని నాకు తెలుసు, కాబట్టి మానలేదు, జరిపాను: లేవగానే ఒకటి, సాయంత్రం నాలుగున్నరకు ఒకటి. మధ్యాహ్నం దుకాణానికి ఫ్లాస్కులో వచ్చే టీని తిప్పి పంపడం మొదటి మూడు రోజులు కష్టమైంది, తలనొప్పి కూడా వచ్చింది.

మాత్ర పదకొండింటికి, దుకాణంలో, నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకుంటున్నాను. పులుపులోని విటమిన్ సి ఇనుము ఒంటికి ఎక్కడానికి సాయపడుతుంది. పాలతోనూ, క్యాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోకూడదు. ఇంట్లో వేసుకోవాలనుకున్నంత కాలం మరిచిపోయాను, ఎందుకంటే ఇంట్లో ఉన్నప్పుడు నా బుర్ర నాది కాదు. దుకాణంలో డబ్బా పక్కనే మాత్రల అట్ట పెట్టినప్పటి నుంచి తొమ్మిది రోజుల్లో తప్పింది ఒక్కటే. మలబద్ధకానికి నీళ్లు పెంచాను: లీటరు సీసాకు మార్కర్‌తో గీతలు గీసి, ఒక్కో గీత పక్కన సమయం రాసి బల్లమీద పెట్టాను. రెండు సీసాలు అయిన రోజు ఆ బాధ లేదు, ఒకటే అయిన రోజు ఉంది.

జూలై 21, ఆదివారం

ఈ వారమంతా నడుం నొప్పి మీద పని చేశాను. ఈ ప్రాజెక్టులో నా చేతులతో చేసిన వస్తువు, వంటగట్టు ముందు నిలబడే చెక్క మెట్టు, ఇదొక్కటే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మా ఇంట్లో పొద్దున పది జొన్న రొట్టెలు కావాలి. అత్తమ్మ నేలమీద కూర్చుని చేసేది, ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు. నేను వంటగట్టు మీద చెక్క పీట పెట్టి, ఉడుకు నీళ్లతో కలిపిన పిండిని నిలబడి కొడతాను. మూడో రొట్టెకే భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఆరో రొట్టెకు నడుం పట్టేస్తుంది. పిల్లలను ఎత్తుకోవడం వల్ల వచ్చిన నొప్పి అనే అనుకుంటూ వచ్చాను. టేపు తెచ్చి కొలిస్తే వేరే సంగతి బయటపడింది. నా ఎత్తు 5 అడుగులు, మోచేయి నేల నుంచి 37 అంగుళాల ఎత్తున ఉంది. గట్టు 34, దాని మీది పీట 3, అంటే పిండి మీద అరచేయి ఆనే చోటు కూడా 37. బలం పెట్టి ఒత్తే పనికి చెయ్యి ఆనే చోటు మోచేతికన్నా నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి ఉండాలి, అప్పుడే ఒంటి బరువు చేతిలోకి దిగుతుంది. గట్టు కట్టిన మేస్త్రీ కొలతలు తనకు తోచినట్టు పెట్టాడు, రొట్టెలు ఎవరు చేస్తారని అడగలేదు. ఇల్లు కట్టేటప్పుడు అక్కడే నిలబడి ఉన్న నేనూ చెప్పలేదు.

గట్టును దించలేము, నేను ఎక్కవచ్చు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సెంట్రింగ్ చెక్కల్లో 9 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్నవి రెండు తీసి, 30 అంగుళాల పొడవుకు కోయించాను. వాటిని పక్కపక్కన పెట్టి, కింద అడ్డంగా 3 అంగుళాల ఎత్తున్న చెక్క ముక్కలు మూడు వేస్తే మొత్తం ఎత్తు 4 అంగుళాలైంది. మొదట రెండంగుళాల మేకులు కొట్టాను, ఎండిన చెక్క నిలువునా చీలింది. పక్కింటి వడ్రంగి పెద్దయ్య చూసి నవ్వి, ముందు సన్నగా తొలిచి తరువాత స్క్రూ బిగించాలని చూపించాడు. చీలిన ముక్కను మార్చి అలాగే చేశాను. ఉప్పుకాగితంతో అంచులు రుద్ది, జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు కాళ్ల కింద అతికించాను.

మొదటి రాత్రే చీకట్లో దానికి కాలు తగిలి బొటనవేలు వాచింది. బాబుకు తగిలితే ఏమిటన్న భయంతో, పని కాగానే గట్టు కింద గోడకు ఆనించి నిలబెట్టడానికి ఒక కొక్కెం బిగించాను. ఐదు రోజుల నుంచి పది రొట్టెలూ ఆగకుండా అవుతున్నాయి. భుజాల నొప్పి చాలావరకు పోయింది. నడుం నొప్పి సగమే తగ్గింది. మిగతా సగం బాబుదే అయి ఉంటుంది, వాడు పదిన్నర కిలోలు.

జూలై 30, మంగళవారం

హిమోగ్లోబిన్ 10.2. ఆరు వారాల్లో 0.9 పెరిగింది. ఇంకాస్త పెరగవలసిందని, మాత్రతో పాటు తిండి కూడా చూసుకోమని డాక్టరమ్మ అన్నారు.

తిండి అంటే ఏమి తినాలన్నది మా పాలమూరులో పెద్ద సమస్య కాదు. పాలిచ్చే తల్లికి రోజుకు 23 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటారు. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 4, సద్దల్లో 6కు పైగా, ఉలవల్లో 8కి పైగా ఉంటుంది. ఒంటికి ఎక్కేది అందులో కొంతేనన్నది నిజం, అందుకే పులుపు తోడు కావాలి, చింతపండు లేని కూర మా ఇంట్లో ఎలాగూ ఉండదు. సమస్య ఎప్పుడు, ఎంత అన్నది. వండే చేతికి తినే వంతు చివర రావడమే జూన్ 25 నాటి లెక్కలో బయటపడ్డ కారే చోటు.

పెళ్లికి పెట్టిన సామానులో పేరు చెక్కిన స్టీలు కంచం ఒకటి ఏడేళ్లుగా అటక మీద మూటలో ఉంది. దాన్ని దించి తోమి, ఒక నియమం పెట్టాను: పొద్దున రెండో రొట్టె, రాత్రి మొదటి గరిటె కూర ఆ కంచంలోకి పోవాలి, నేను ఎప్పుడు తిన్నా సరే. పొద్దున ఎనిమిదింటికి రొట్టె వేడిగా తిని బయలుదేరాలి. అత్తమ్మకు నచ్చలేదు. "ఇంటాయన తినకముందే నువ్వెట్ల తింటవ్ బిడ్డా, చూసినోళ్లు ఏమంటరు?" అన్నది. ఎవరూ చూడడం లేదని నేను అనలేదు, 9.3 అని రాసిన చీటీ చూపించాను. ఆయన మాత్రం రాత్రి షిఫ్టు నుంచి పొద్దున ఏడున్నరకు వస్తూనే, "నేను స్నానం చేసొచ్చేసరికి నువ్వు తినేయరాదూ" అన్నాడు. ఇంత చిన్న మాట ఏడేళ్లలో ఎందుకు రాలేదని అడిగితే, నువ్వు ఎప్పుడు తింటావో నాకెప్పుడూ కనబడలేదన్నాడు. అది నిజమే, చివర తినేవాళ్లు ఎవరికీ కనబడరు.

నియమాన్ని నిలబెట్టింది నిజానికి పాప. బడిలో అక్షరాలు మొదలయ్యాయి కాబట్టి కంచం అంచున ఉన్న నా పేరులో మొదటి అక్షరాన్ని వేలితో చూపి "ల" అన్నది. ఆ రోజు నుంచి ఆ కంచం ఖాళీగా కనిపిస్తే "అమ్మ ల కంచంల ఏమి లేదు" అని ఇల్లంతా వినబడేలా చెబుతోంది.

ఆగస్టు 11

మేడ మీద ఆరు పాత రంగు డబ్బాల్లో తోటకూర, పాలకూర, గంగవాయిలి వేశాను. డబ్బాలకు అడుగున రంధ్రాలు, ఎర్రమట్టి రెండు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు, కాస్త ఇసుక. మొలకలు వచ్చిన పన్నెండో రోజు కోతులు వచ్చి నాలుగు డబ్బాలు దొర్లించాయి. మళ్లీ వేసి పాత దోమతెర కట్టాను. దీని మీద ఇంకేమీ రాయను, వారానికి ఒకసారి కూర వస్తుంది, మిగతాది రైతు బజారులోనే.

ఆగస్టు 29

ఈ నెల 19న, రాఖీ పండగ సాయంత్రం, బాబుకు జ్వరం మొదలైంది. వాడికి తగ్గేసరికి పాపకు వచ్చింది. పది రోజుల పేజీలు ఖాళీ. మాత్రలు ఏడు తప్పాయి, టీలు మళ్లీ ఐదుకు చేరాయి, కంచం అటక ఎక్కకపోయినా గూట్లోంచి దిగలేదు. ఆ ఖాళీలను తరువాత ఊహించి నింపకుండా అలాగే వదిలేశాను.

25న జరిగింది రాయకపోతే ఈ బుక్కుకు అర్థం లేదు. మూడు రాత్రులు నిద్ర లేక, మందు ఉమ్మేసిన పాపను కొట్టాను. గట్టిగానే కొట్టాను. అది ఏడవడం ఆపి నా వైపు చూసిన చూపుకు నా చేతులు వణికాయి. ఆ రాత్రి ఆశా అక్క ఇచ్చిన 14416 నంబరుకు ఫోన్ చేశాను. మానసిక సాయం కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోన్ సేవ అది, ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అవతలి ఆమె నన్ను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఎన్ని గంటలు పడుకున్నారు, ఇంట్లో ఇంకెవరు ఉన్నారు, మీకు గానీ పిల్లలకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తున్నదా అని వరుసగా అడిగింది. లేదన్నాను. దిగులు, చిరాకు రెండు వారాలు దాటి ఉంటే మానసిక వైద్యులను కలవాలని, ఈలోగా ఒక్క రాత్రి పూర్తిగా నిద్రపోయే ఏర్పాటు చేసుకోమని చెప్పింది. మరునాడు ఆయన సెలవు పెట్టాడు. నేను పక్క గదిలో, తలుపు మూసుకుని, ఏడు గంటలు పడుకున్నాను. పాపకు క్షమించమని చెప్పాను. "సరే" అని చాక్లెట్ అడిగింది. ఆ తరువాత ఆయనకు పగటి షిఫ్టు ఉన్న వారాల్లో బాబు రాత్రి మొదటిసారి లేస్తే ఆయనే చూసుకునే ఒప్పందం కుదిరింది. ఈ ప్రాజెక్టులో నిద్రకు పనికొచ్చిన మార్పు ఇదొక్కటే.

సెప్టెంబరు 8

నెల మొదట్లో కుండపోత వాన వల్ల నడక సాగలేదు. ఇప్పటికి వారానికి 110 నిమిషాలకు మించడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150కి ఇంకా దూరమే. సాయంత్రం దుకాణం నుంచి ఇంటికి ఆటో మానేసి నడవడం తప్ప వేరే దారి దొరకలేదు. ఆదివారం పెద్ద చెరువు కట్ట మీద నడుద్దామని అందరం బయలుదేరితే అది పిల్లల షికారు అవుతుంది గానీ నడక కాదు.

ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకోని సంగతి ఒకటి. రెండో కాన్పు తరువాత దగ్గినా తుమ్మినా నాకు మూత్రం చుక్కలుగా జారేది. పిల్లలు పుట్టాక అందరికీ ఉండేదే అని ఊరుకున్నాను. జూలైలో అడిగితే నర్సమ్మ, చాలామందికి ఉంటుంది కానీ ఉండి తీరవలసింది కాదని చెప్పి, కటి కండరాల వ్యాయామం నేర్పింది. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలాలి. అలా పదిసార్లు, దినానికి మూడు విడతలు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు, మూత్రం పోస్తూ చేయకూడదు. ఎవరికీ కనబడని వ్యాయామం కాబట్టి రొట్టె పెంక మీద కాలే వేళ, ఆటోలో, దుకాణంలో కంప్యూటరు తెరుచుకునే వేళ చేస్తున్నాను. ఎనిమిది వారాలకు తుమ్ముకు భయం పోయింది. దగ్గుకు ఇంకా కాస్త ఉంది. మూడు నెలలకు పూర్తిగా తగ్గకపోతే మళ్లీ రమ్మంది.

అక్టోబరు 2

పెత్రమాస. ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు నిన్ననే తెచ్చి నీళ్లు చల్లి పెట్టాము. నిన్న కోసిన పూలు కాబట్టి ఎంగిలిపూలని కొందరంటారు, తిని ఎంగిలిపడ్డాకే బతుకమ్మను పేరుస్తారు కాబట్టి ఆ పేరని మా అత్తమ్మ అంటుంది. పొద్దటి నుంచి వంట, పెద్దలకు పెట్టే బియ్యం, పిల్లల స్నానాలతో నేను తినడం మరిచాను. తాంబాళం ముందు కూర్చుని గుమ్మడి ఆకు పరుస్తుంటే అత్తమ్మ నా చేతిలోంచి పూలు తీసుకుంది. "ఎంగిలిపడ్డవా?" అని అడిగింది. లేదన్నాను. ల కంచంలో అన్నం, పప్పు, గంగవాయిలి కూర పెట్టి తెచ్చి, నేను తినేదాకా పూలు ముట్టనివ్వలేదు. చూసినవాళ్లు ఏమంటారన్న మాట ఈసారి రాలేదు. చూసినవాళ్లు ఉన్నారు కూడా, వాకిట్లో ఐదుగురు.

అక్టోబరు 8, మంగళవారం

112 రోజులు నిండాయి. హిమోగ్లోబిన్ 11.6. పన్నెండుకు 0.4 తక్కువ. ఆగస్టులో తప్పిన మాత్రలు లేకపోతే అందుకునేదాన్నేమో. ఇప్పుడు స్వల్ప రక్తహీనత కిందికి వస్తుందని, 12 దాటాక కూడా ఒంట్లో ఇనుము నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు మాత్రలు ఆపవద్దని డాక్టరమ్మ చెప్పారు. ఈసారి అట్టలు లెక్కపెట్టి తెచ్చుకున్నాను.

టీలు రెండు, నీళ్ల సీసాలు రెండుకు కాస్త తక్కువ, పొద్దటి తిండి ఎనిమిదింటికి, నిద్ర ఆరు గంటలు, నడక 120 నిమిషాలు. ఇవి చివరి వారం సగటులు.

అత్తమ్మను కూడా వెంట తీసుకుపోయాను. "నాకెందుకు, ముసలిదాన్ని" అని గొణుగుతూనే వేలు చాచింది. 10.1. ఇంటికి వచ్చి లాంగ్ బుక్కులో కొత్త పేజీ తీసి పైన ఆమె పేరు రాస్తుంటే పక్కన నిలబడి చూసింది. మాత్రలు రాసుకో, రొట్టెలు రాసుకో, టీల లెక్క మాత్రం రాయొద్దని చెప్పి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.